కల్చరల్ ఎక్స్ఛేంజ్ క్రూజ్‌కి అంత డబ్బు పెట్టొచ్చా? మా పెద్దక్క కోసం వేసిన లెక్క

మా పెద్దక్క జడ్పీ హైస్కూల్లో సోషల్ టీచర్‌గా 31 ఏళ్ళు చేసి రిటైరయ్యింది, ఉండేది బెజవాడ సత్యనారాయణపురం, నేనేమో గుంటూరు బ్రాడీపేట. బావగారు పోయాక డల్లాస్‌లో ఉన్న పిల్లలు రమ్మని పోరితే రెండుసార్లు వెళ్ళొచ్చింది గానీ అక్కడ ఇల్లు, కాస్ట్‌కో, గుడి తప్ప ఏం చూసింది లేదు. జీవితమంతా పిల్లలకి గోడ మీద మ్యాపులో కర్ర పెట్టి సముద్రాలు చూపించింది కదా, ఇప్పుడు తనకి ఓడెక్కాలనుంది. కిందటి నెల ఫోన్ చేసి "ఒరేయ్, ఆదివారం ఒకసారి రా, ఒక కాగితం చూడాలి నువ్వు" అంది. వెళ్ళేసరికి డైనింగ్ టేబుల్ మీద 14 పేజీల కలర్ ప్రింటవుట్, పక్కన కళ్ళజోడు, ఒక పెళ్ళికార్డు వెనకాల పెన్సిల్‌తో వేసిన కూడికలు.

ఓడ ప్రయాణం బ్రోషర్ అది. 105 రోజులు, జపాన్‌లోని యోకొహామాలో ఎక్కి మళ్ళీ యోకొహామాలోనే దిగడం, 20 రేవులు. పేజీ పేజీకీ "సాంస్కృతిక మార్పిడి" అని ఉంది, స్థానికులతో డాన్సు, స్థానికులతో వంట, రకరకాల దేశాల వాళ్ళు భుజాల మీద చేతులేసుకుని నవ్వుతున్న ఫోటోలు. ఇద్దరు పంచుకునే కేబిన్‌లో మనిషికి 11 లక్షల 40 వేలు. "గ్రాట్యుటీ డబ్బులున్నాయిగా, ఏమంటావ్?" అంది. నేను అకౌంట్స్ మనిషిని, నన్నడిగితే ఏమంటాను, లెక్కేద్దాం అక్కా అన్నా. ఆ రోజు నుంచి మూడు వారాలు ఇదే పని, ఇప్పుడు మా చుట్టాల్లో ఇంకో ఇద్దరు కూడా అడుగుతున్నారు కాబట్టి ఒకేసారి రాసి పడేస్తే గొడవ ఉండదని ఇది రాస్తున్నా.

ముందు ఒక విషయం. క్రూజ్ అనగానే మనవాళ్ళకి అన్నీ ఒకటే అనిపిస్తాయి, "పాపికొండలు బోటు లాంటిదేగా, కాస్త పెద్దది" అన్నాడు మా బావమరిది. అన్నీ ఒకటి కాదు. నేను నాలుగేళ్ళ కింద మా ఆవిడతో చెన్నై నుంచి 3 రాత్రుల క్రూజ్ ఒకటి వెళ్ళొచ్చా, ఏ కంపెనీ అన్నది వదిలేయండి. బఫే బావుంది, స్విమ్మింగ్ పూల్ బావుంది, రాత్రి హిందీ పాటల షో, కాసినో. మూడు రాత్రులు బంగాళాఖాతంలో తిరిగితే నాకు కొత్తగా పరిచయమైంది ఎవరయ్యా అంటే గుంటూరు మిర్చియార్డులో కమీషన్ వ్యాపారం చేసే ఆయన, ఇడ్లీ లైన్లో! ఆయన ఇల్లు మా ఇంటికి కిలోమీటరున్నర. తప్పు ఓడది కాదు, అది హాలిడే ఓడ, అది అమ్మేది సరదా. ముంబై, చెన్నై నుంచి, అప్పుడప్పుడు విశాఖ నుంచి వెళ్ళే రెండు మూడు రాత్రుల ట్రిప్పులన్నీ ఈ బాపతే. అసలు ఓడ మనకి పడుతుందా, కడుపులో తిప్పుతుందా అని టెస్ట్ చేసుకోడానికి మాత్రం ఇది మంచి పద్ధతి, 15 లక్షల ఓడెక్కి రెండో రోజే అవోమిన్ వేసుకుని మంచం పట్టడం కంటే నయం కదా.

నిజంగా మనుషుల్ని కలపాలనే ఉద్దేశంతో నడిచే ఓడలు వేరే ఉన్నాయి, కొన్నే. జపాన్ వాళ్ళ పీస్ బోట్ వాటిలో పేరున్నది. 1983లో కొంతమంది స్టూడెంట్స్ మొదలుపెట్టారు, అప్పట్లో జపాన్ స్కూలు పుస్తకాల్లో యుద్ధ చరిత్రని మార్చి రాస్తున్నారన్న గొడవ జరుగుతుంటే, పుస్తకంలో ఏం రాశారన్నది పక్కనపెట్టి మనమే ఆ దేశాలకి వెళ్ళి ఆ జనాన్నే అడుగుదాం అని ఓడ అద్దెకి తీసుకుని బయల్దేరారు. సోషల్ టీచరుకి ఈ మాట చెప్తే ఇంక ఆగుతుందా, అక్క పడిపోయింది దీనికే. హిరోషిమా, నాగసాకి బాంబుల నుంచి బతికి బయటపడ్డ వాళ్ళని 2008 నుంచి ఓడలో తీసుకెళ్ళి ఊరూరా వాళ్ళ కథ చెప్పిస్తున్నారు, 2017లో నోబెల్ శాంతి బహుమతి వచ్చిన ఐకాన్ అనే అణ్వాయుధ వ్యతిరేక కూటమిలో వీళ్ళూ ఉన్నారు. ఓడ దారిలో గెస్టులు ఎక్కి లెక్చర్లు ఇస్తారు, ఇంగ్లీషు, స్పానిష్ క్లాసులుంటాయి, ట్రాన్స్‌లేట్ చేసే వాలంటీర్లు ఉంటారు. అంతా బాగానే ఉంది, కాకపోతే ప్రయాణికుల్లో ఎక్కువమంది జపాన్ వాళ్ళే, అందులోనూ రిటైరైన వాళ్ళు ఎక్కువ, కబుర్లు జపనీస్‌లోనే సాగుతాయి. మూడు నెలలు పొద్దున్నే నవ్వుతూ వంగి దణ్ణం పెట్టుకోవడం కూడా ఒక స్నేహమే, కాదనను. అక్క మాత్రం మాట్లాడకుండా గంట కూర్చోలేదు, రైల్లో కూడా ఎదుటి సీటు వాళ్ళ మనవడి పేరు తెలుసుకున్నాకే టీ తాగే రకం.

రెండోది అమెరికా వాళ్ళ సెమిస్టర్ ఎట్ సీ. 1963లో మొదలైంది, ఇప్పుడు కొలరాడో స్టేట్ యూనివర్సిటీతో కలిసి నడుస్తోంది, కాలేజీ పిల్లలు ఓడలోనే ఒక సెమిస్టర్ చదువుతారు, క్రెడిట్లు వస్తాయి. ఫీజు 30 వేల డాలర్ల పైమాటే. మన పిల్లలకి ఇది అంత డబ్బుకి తగ్గట్టుంటుందా అంటే, ఆ క్రెడిట్లు మన యూనివర్సిటీ తీసుకుంటుందో లేదో ముందు రాతపూర్వకంగా తెలుసుకోకపోతే మాత్రం చచ్చినా ఉండదు. కాకపోతే వీళ్ళ పద్ధతిలో ఒక మంచి పాయింటుంది, ఓడ ఒక్కో రేవులో చాలాచోట్ల నాలుగైదు రోజులు ఆగుతుంది. మామూలు క్రూజ్ పొద్దున ఏడింటికి ఆగి సాయంత్రం ఐదింటికి బయల్దేరుతుంది, మనం లోపలికి వెళ్ళి మళ్ళీ ఓడ కదిలే ముందే వెనక్కి చేరాలి, లేటైతే ఓడ ఆగదు, తర్వాతి రేవుకి మన ఖర్చుతో మనం పోవాల్సిందే. కాబట్టి ఏ బ్రోషర్ చూసినా రేవులు ఎన్ని అని లెక్కపెట్టకండి, ఒక్కో రేవులో రాత్రి ఆగుతుందా లేదా అని చూడండి. 20 రేవుల్లో పగటిపూట ఆగే ఓడ కంటే 9 రేవుల్లో రెండేసి రాత్రులు ఆగే ఓడ ఎన్నో రెట్లు మేలు.

ఇంట్లో 18 నుంచి 30 ఏళ్ళ మధ్య పిల్లలుంటే వాళ్ళకి అసలు డబ్బు పెట్టక్కర్లేని దారి ఒకటుంది, జపాన్ ప్రభుత్వం 1988 నుంచి నడుపుతున్న షిప్ ఫర్ వరల్డ్ యూత్. వేర్వేరు దేశాల కుర్రాళ్ళని ఒకే ఓడలో పెట్టి కలిసి చదివించి, వాదించుకోనిచ్చి, ఒకళ్ళ దేశం గురించి ఇంకొకళ్ళకి చెప్పిస్తారు, ఖర్చులో పెద్ద భాగం వాళ్ళదే. మన దేశం నుంచి కూడా పిల్లలు వెళ్ళారు, ఎంపిక మన కేంద్ర యువజన వ్యవహారాల శాఖ ద్వారా. ప్రతి ఏడాదీ మన దేశానికి పిలుపు ఉండకపోవచ్చు, పోటీ కూడా గట్టిదే, అయినా ప్రయత్నం చేస్తే పోయేదేం లేదు. ఇంకా చిన్నపిల్లలైతే, 15 నుంచి 19 లోపు, రోటరీ యూత్ ఎక్స్ఛేంజ్. దీంట్లో ఓడ లేదు, వేరే దేశంలో ఒక కుటుంబంతో ఉండి అక్కడి స్కూలుకి పోవడమే. విమానం టికెట్టు, వీసా, ఇన్సూరెన్స్ మనవి, ఉండటం తినడం ఆ కుటుంబం చూసుకుంటుంది. మన గుంటూరులో ఇంటర్ రెండేళ్ళలో ఒక ఏడాది పోగొట్టుకోమంటే ఏ తండ్రి ఒప్పుకుంటాడన్నది వేరే సంగతి, ఈఏపీసెట్ ర్యాంకు ముందు ప్రపంచమెంత!

నదిలో వెళ్ళే గంగా విలాస్ గురించి కూడా అక్క అడిగింది. 2023 జనవరి 13న ప్రధాని వీడియోలో జెండా ఊపితే వారణాసి నుంచి బయల్దేరిన ఓడ, అస్సాంలోని డిబ్రూగఢ్ దాకా 51 రోజులు, దాదాపు 3,200 కిలోమీటర్లు, మధ్యలో బంగ్లాదేశ్ కూడా, మొత్తం ఎక్కేది 36 మందే. మొదటి ట్రిప్పులో 32 మంది స్విట్జర్లాండ్ వాళ్ళు. అప్పట్లో పేపర్లలో రోజుకి పాతిక వేల నుంచి యాభై వేల దాకా అని రాశారు. నది ఓడలో సుఖమేంటంటే ఒడ్డు ఎప్పుడూ కళ్ళ ముందే ఉంటుంది, ఊళ్ళ పక్కనే ఆగుతుంది, మనుషులు తక్కువ కాబట్టి మాటలు కలుస్తాయి. కానీ ఆలోచించండి, అందులో స్విట్జర్లాండ్ ఆయన మన ఊళ్ళు చూడ్డానికి వస్తాడు, మనమూ అదే కిటికీలోంచి మన ఊళ్ళనే చూడ్డానికి అంత కట్టాలా అని. ఆ డబ్బుతో కాశీ, కోల్‌కతా, గువాహటి, బ్రహ్మపుత్రలో ఉన్న మాజులీ దీవి రైల్లోనూ ఫెర్రీలోనూ మూడుసార్లు చుట్టి రావొచ్చు. దీన్ని లిస్టులోంచి ఐదు నిమిషాల్లో కొట్టేశాం.

ఇప్పుడు అసలు లెక్క. బ్రోషర్‌లో 11.40 లక్షలు అన్నది ఓడ టికెట్ మాత్రమే. అక్క ఒంటరిగా వెళ్తుంది కాబట్టి మొత్తం కేబిన్ తనకే కావాలంటే ఇంకో అరవై శాతం పైన అన్నారు, కొన్ని కంపెనీలు ఏకంగా ఇద్దరి టికెట్టూ తీసుకుంటాయి, అందుకని తెలియని ఆవిడతో పంచుకోడానికి అక్క ఒప్పుకుంది ("హాస్టల్లో ఉండలేదా నేను!"). గన్నవరం నుంచి టోక్యో రానుపోను విమానం 90 వేలు వేశాం. వీసాలు, ఇన్సూరెన్స్, టీకాలు కలిపి 1.60 లక్షలు. రేవు చార్జీలు, ఇంధనం పేరుతో వేసేది, టిప్పులు కలిపి 1.30. రేవుల్లో దిగాక ఓడ వాళ్ళు తీసుకెళ్ళే ట్రిప్పులకి విడిగా కట్టాలి, అన్నీ వద్దు సగమే అనుకున్నా 1.50. వైఫై, బట్టలుతకడం, చిల్లర మల్లర 50 వేలు. మొత్తం 17 లక్షల 20 వేలు. ఇది కాక ఫారిన్ టూర్ ప్యాకేజీ మీద టీసీఎస్ (అమ్మేవాళ్ళే మన దగ్గర ముందుగా పట్టుకునే పన్ను) ఉంటుంది, 2023 అక్టోబర్ నుంచి 7 లక్షలు దాటితే 20 శాతం పట్టుకునేవాళ్ళు, 2025 ఏప్రిల్‌లో ఆ గీతని 10 లక్షలకి జరిపారు, 2026 ఏప్రిల్ నుంచి గీతే తీసేసి 2 శాతం చేశారు, బడ్జెట్ బడ్జెట్‌కీ మారే సంగతి కాబట్టి కట్టే రోజున రేటెంతో అడగండి. ఆ డబ్బు పోదు, రిటర్న్ వేస్తే పన్నులో సర్దుతారు లేదా వెనక్కిస్తారు, కానీ పెన్షనర్‌కి అది నెలల తరబడి ఇరుక్కుపోయిన డబ్బే.

తర్వాత నేనేం చేశానంటే, పిచ్చి లెక్కే అనుకోండి, మనం కొంటున్నది పరాయి దేశపు మనిషితో కూర్చుని మాట్లాడే గంటలు కదా, అలాంటి గంటలు ఎన్నొస్తాయో లెక్కేశా. 20 రేవులు, ఒక్కోచోట 9 గంటలు, 180 గంటలు. ఇమ్మిగ్రేషన్ లైను, బస్సు, భోజనం, గైడు మైకులో చెప్పేది, షాపింగ్ తీసేస్తే సగం. ఆ సగంలో కూడా ఎక్కువ భాగం కట్టడాలు చూడ్డమే, స్థానికులతో కూర్చునే ప్రోగ్రాములు బ్రోషర్ మొత్తం మీద 5 కనిపించాయి, ఒక్కోటి 4 గంటలు. అంటే 20 గంటలు. 17.20 లక్షలని 20తో భాగిస్తే గంటకి 86 వేలు! సరే అన్యాయం చేయకూడదు, సముద్రం మీదుండే 85 రోజులు రోజుకో గంట భోజనాల దగ్గర వేరే దేశం వాళ్ళతో మాట్లాడుతుందనుకుందాం, అప్పుడు 105 గంటలు, గంటకి 16 వేల చిల్లర. ఈ రెండు అంకెల మధ్య తేడా అంతా ఒక్కదాని మీదే ఉంది చూశారా, భోజనాల బల్ల దగ్గర ఏ భాష మాట్లాడతారన్న దాని మీద.

అక్క అంతా విని "నీ పెళ్ళికి గంటకి ఎంత పడిందో లెక్కేశావా ఎప్పుడైనా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇంకోటి కూడా అంది, "సముద్రం మీద ఊరికే కూర్చునే రోజులకి విలువ కట్టవేంట్రా, నాకు నలభై ఏళ్ళ నుంచి అట్టా కూర్చునే టైమే దొరకలా". అది నిజం. ఆ విశ్రాంతే కావాలనుకుంటే ఓడ మంచి బేరమే, రోజూ వంట లేదు, ప్రతి ఊళ్ళో పెట్టె సర్దుకోనక్కర్లేదు, మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళకి హోటల్ హోటల్‌కీ మారడం కంటే ఒకే గది మనతో పాటు ప్రపంచం తిరగడం చాలా హాయి. అప్పుడు మాత్రం విశ్రాంతి కోసం వెళ్తున్నా అనుకుని వెళ్ళండి, బ్రోషర్‌లో భుజాల మీద చేతులేసుకున్న ఫోటో కోసం కాదు.

వీసాల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే మన పాస్‌పోర్ట్‌కి అసలు దెబ్బ ఇక్కడే. బెజవాడలో ఒక ట్రావెల్స్ ఆయన, పేరు వద్దులే, "ఓడలో వెళ్తే వీసాలక్కర్లేదమ్మా, రేవులో స్టాంపేస్తారు" అన్నాడట అక్కతో. అమెరికన్, జపాన్ పాస్‌పోర్ట్ వాళ్ళకి చాలాచోట్ల అక్కర్లేదు, మనకి కావాలి. యూరప్ రేవులుంటే షెంగెన్ (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే వీసా), అదీ ఓడ మధ్యలో టర్కీకో మొరాకోకో పోయి మళ్ళీ యూరప్ వస్తుంటే మల్టిపుల్ ఎంట్రీ, అంటే ఒకసారి కంటే ఎక్కువసార్లు లోపలికి రానిచ్చేది. అమెరికా రేవు ఒక్కటున్నా బీ1 బీ2 విజిటర్ వీసా, ఇంటర్వ్యూ స్లాటు దొరకడానికే ఎన్ని నెలలో (అక్కకి ఇది ముందే ఉంది, డల్లాస్ పుణ్యం). అన్నిటికంటే అందరూ మర్చిపోయేది జపాన్‌దే: అక్కడ ఎక్కి అక్కడే దిగాలి కదా, 2024 ఏప్రిల్ నుంచి మనవాళ్ళకిస్తున్న టూరిస్ట్ ఈ-వీసా సింగిల్ ఎంట్రీ, అంటే ఒక్కసారి లోపలికి రావడానికే, ఓడ యోకొహామా దాటగానే అది అయిపోయినట్టే, మూడున్నర నెలల తర్వాత దిగడానికి ఏది చూపిస్తారు? ఓడ మధ్యలో ఉండగా వీసాకి అప్లై చేసేది లేదు, షెంగెన్ అయితే ప్రయాణానికి ఆరు నెలల ముందు కంటే తొందరగా తీసుకోరు, పాస్‌పోర్ట్ ఒక ఎంబసీలో ఉంటే ఇంకో ఎంబసీకి ఇవ్వలేం. ఒక్క వీసా రాకపోయినా కొన్ని కంపెనీలు అసలు ఎక్కనివ్వవు, కొన్ని ఎక్కనిచ్చి ఆ రేవులో దిగనివ్వవు. మీది ఏ రకమో అడ్వాన్సు కట్టకముందే కాగితం మీద తీసుకోండి.

ఆఫ్రికా, దక్షిణ అమెరికాల్లో ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల రేవులుంటే, టీకా కార్డు లేకుండా అక్కడ్నుంచి ఆరు రోజుల్లోపు తిరిగొస్తే మన దగ్గర ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు, టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, హైదరాబాద్ నారాయణగూడ ఐపీఎంలో వేస్తారు. బీపీ, షుగర్ మాత్రలు 105 రోజులకి సరిపడా ప్లస్ ఇంకో రెండు వారాలకి, డాక్టర్ చీటీతో సహా. ఇన్సూరెన్స్‌లో పాత జబ్బులు, ఓడ నుంచి ఆసుపత్రికి తరలించే ఖర్చు రెండూ ఉన్నాయో లేదో చదవండి. పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే టైము మధ్యలో పడుతుందేమో చూసుకోండి, ఇది ఎవరూ చెప్పరు.

తిండి... అక్క శాకాహారి. జపాన్ వంటలో సూప్ దగ్గర్నుంచి ఉడకబెట్టిన కూరగాయల దాకా ఎండబెట్టిన చేపతో కాచిన నీళ్ళు పోస్తారు, "వెజిటబుల్" అని రాసుంటుంది, చేప ముక్క కనపడదు కాబట్టి వాళ్ళ దృష్టిలో అది వెజ్జే. గోంగూర పచ్చడి సీసా పట్టుకెళ్దామంటే ఇంట్లో చేసినవి ఓడల్లోకి చాలావరకు రానివ్వరు, ఆస్ట్రేలియా లాంటి చోట్ల చెప్పకుండా రేవులో దింపితే జరిమానా. అక్క ఈ ఒక్కదానికీ కాస్త మెత్తబడింది.

దీనికి ఎదురుగా నేను పెట్టింది శ్రీలంక. నవ్వకండి. నాగపట్నం నుంచి జాఫ్నా పక్కన కాంకేసన్‌తురైకి 2023 అక్టోబర్‌లో ఫెర్రీ మొదలైంది, సుమారు నాలుగు గంటల ప్రయాణం, కాబట్టి ఓడెక్కిన ముచ్చటా తీరుతుంది, ఈశాన్య రుతుపవనాల టైములో ఆపేస్తుంటారు అది చూసుకుని వెళ్ళాలి. అక్కడ జాఫ్నాలో, అనురాధపురంలో హోటళ్ళలో కాకుండా ఇళ్ళల్లో గదులు తీసుకుని ఉండొచ్చు, ఇంటావిడతో పాటు వంటింట్లో నిలబడొచ్చు. సర్వాస్ అని 1949 నుంచి నడుస్తున్న ప్రపంచవ్యాప్త సంస్థ ఒకటుంది, సభ్యులు ఒకరింట్లో ఒకరు డబ్బు తీసుకోకుండా రెండు రాత్రులు ఉంచుకుంటారు, దేశాలు వేరైన వాళ్ళు ఒకే బల్ల దగ్గర తింటే యుద్ధాలు తగ్గుతాయని మొదలెట్టింది. మన దేశంలోనూ సభ్యులున్నారు, ముందు ఇంటర్వ్యూ చేసి చేర్చుకుంటారు. 12 రోజులకి రైలు, ఫెర్రీ, బస, తిండి, డ్రైవరు అన్నీ కలిపి అక్కకి 1.30 లక్షలు వేశా, ధారాళంగా. రోజుకి మూడు గంటలు మాటలు పడినా 36 గంటలు, గంటకి 3,600.

అక్కని కదిలించింది ఈ అంకె కాదు, నాగార్జునకొండ. అక్కడ శాసనాల్లో సీహళ విహారం అని ఉంది, అంటే సింహళం నుంచి వచ్చిన భిక్షువుల కోసం ఇక్ష్వాకుల కాలంలో, మూడో శతాబ్దంలో, కృష్ణ ఒడ్డున కట్టిన మఠం. తను పదో తరగతి పిల్లల్ని ఏటా ఎక్స్‌కర్షన్‌కి అక్కడికే తీసుకెళ్ళేది. "వాళ్ళు మనింటికి వచ్చి పదిహేడు వందలేళ్ళు అయ్యిందిరా, మనం తిరిగి వెళ్ళలా" అంది. మోటుపల్లి రేవు గురించి కూడా ఎత్తుకుంది, 1244 ప్రాంతంలో గణపతిదేవుడు పరదేశీ వర్తకులకి మీ సరుక్కి నాది పూచీ అని అభయశాసనం వేయించిన రేవు, ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. పాఠం మొదలెడితే ఆపదు, అరగంట విన్నా.

ఈ మధ్యలో ఒకటి జరిగింది. అక్క వడ్డేశ్వరంలో స్నేహితురాలింటికి వెళ్ళి బస్సులో వస్తుంటే పక్క సీట్లో టాంజానియా అమ్మాయి, ఆ పక్క యూనివర్సిటీలో చదువుతోంది. కండక్టర్ ఆధార్ చూసి అక్కకి జీరో టికెట్ కొట్టాడు, ఆ పిల్లకి డబ్బులు తీసుకున్నాడు, ఎందుకట్టా అని ఆ పిల్ల అడిగింది, అక్క ఆడవాళ్ళకి ఉచిత బస్సు ఇచ్చే స్త్రీశక్తి పథకం మొత్తం వివరించింది, అట్టా మొదలైంది. మాటల్లో ఆ పిల్ల వాళ్ళ ఊళ్ళో ఉగాలి అని మొక్కజొన్న పిండితో ముద్ద వండుతారని ఫోన్లో చూపిస్తే, ఇది మా సంకటేగా అని అక్క, చేత్తో ఎట్టా చిదిమి గుంట చేసి కూర ముంచుకోవాలో ఇద్దరూ గాల్లో చేసి చూపించుకుంటూ ప్రకాశం బ్యారేజీ దాటేశారట, దిగాల్సిన స్టాపు పోయింది. తర్వాతి ఆదివారం ఆ పిల్ల ఇంకో స్నేహితురాల్ని తీసుకుని సత్యనారాయణపురం వచ్చింది, రాగి సంకటి తిని వేళ్ళు నాకింది, గోంగూర మాత్రం ఒక్క ముద్దకే కళ్ళమ్మట నీళ్ళు. "ఇది గంటకి ఎంత పడిందో వెయ్యి" అంది అక్క నాతో. రాగిపిండి 60 రూపాయలు అన్నా.

సరే, ఎవరికి ఏది అంటారా. చేతిలో మూడున్నర నెలల టైము, 17 లక్షలు పోయినా నిద్రపట్టేంత నిబ్బరం, ఒంట్లో ఓపిక, విశ్రాంతి కావాలన్న కోరిక, ఇవన్నీ ఉన్న జంటకి పెద్ద ఓడ బావుంటుంది, ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి అదే ఓడ ఎక్కువ ధర. మూడు నెలలు వద్దనుకుంటే కొన్ని ఓడలు మధ్యలో రెండు మూడు వారాల ముక్క కూడా అమ్ముతాయి, సింగపూర్ నుంచి ఇంకో రేవు దాకా లాంటివి, మొదటిసారికి నేనైతే అదే తీసుకుంటా, వీసాలు కూడా ఒకటి రెండుతో పోతుంది. అప్పు చేసి, పొలం అమ్మి, ఫిక్స్‌డ్ డిపాజిట్ విరగ్గొట్టి మాత్రం ఏ ఓడా ఎక్కొద్దు.

అడ్వాన్సు కట్టేముందు అక్క చేత ఆ కంపెనీకి మెయిల్ పెట్టించా, మూడే ప్రశ్నలు. ఒకటి, ఎన్ని రేవుల్లో రాత్రి ఆగుతారు. రెండు, వీసా రాకపోతే ఎంత వెనక్కిస్తారు, ఏ తేదీ దాకా. మూడు, కిందటి ట్రిప్పులో ఇంగ్లీషు మాట్లాడే ప్రయాణికులు ఎంతమంది ఎక్కారు. వారం తర్వాత జవాబొచ్చింది. రెండు రేవుల్లో రాత్రి ఆగుతారట. బయల్దేరడానికి 90 రోజుల ముందు దాకా అయితే అడ్వాన్సు పోగా మిగతాది ఇస్తారట. మూడోదానికి మాత్రం మా ఓడలో ఆరు రెస్టారెంట్లు, ఒక లైబ్రరీ, పై డెక్కు మీద యోగా క్లాసు ఉన్నాయని రాశారు.

అక్క కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టి, "తెలీని ప్రశ్నకి మా పిల్లలు కూడా ఇట్టాగే రాసేవాళ్ళురా, ఆవు గురించి అడిగితే చెట్టు గురించి. అర మార్కు ఇచ్చేదాన్ని" అంది. తర్వాత నాగపట్నానికి రైలు ఏ వారం ఉందో చూడమంది.